ఏ బాధా లేని మనిషికి ఆపరేషనా?

ఈ వారం ఒక కేస్‌షీట్‌లో రెండు మాటలు చూసి కోపం వచ్చింది. "లక్షణాలు లేవు." తెనాలి దగ్గర పల్లె నుంచి శుక్లం ఆపరేషన్‌కి వచ్చిన 68 ఏళ్ల రైతు ఆయన. స్టెత్ పెడితే గుండెలో శబ్దం వినపడి కంటి డాక్టరు మా దగ్గరికి పంపారు. ఎకో తీస్తే అయోర్టిక్ వాల్వు బాగా బిగుసుకుపోయి ఉంది. మామూలుగా 3, 4 చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాల్సిన వాల్వు 0.7 మాత్రమే తెరుచుకుంటోంది. రక్తం సెకనుకు 4.6 మీటర్ల వేగంతో దూసుకెళ్తోంది. 4 దాటితేనే తీవ్రం అంటాం. "ఏమడిగావమ్మా?" అన్నాను జూనియర్‌ని. "ఆయాసం ఉందా, నొప్పి ఉందా అనడిగాను సార్. లేదన్నారు" అంది.

అలా అడిగితే మన రైతులెవరూ ఉందని చెప్పరు. రోగిని ఏం చేస్తున్నాడో అడగాలి, ఏం మానేశాడో అడగాలి అని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు రాశాను. ఆయన పక్కన కూర్చుని "మంగళగిరి పానకాల స్వామి దగ్గరికి వెళ్తుంటారా?" అన్నాను. "ఏటా వెళ్తాం బాబూ." "మెట్లెక్కేనా?" "ఇదివరకు మెట్లే. ఇప్పుడు కొండమీదికి రోడ్డుంది గదా, ఆటోలో పోతున్నాం." ఆయాసం నిజంగా లేదో, ఆ రోడ్డు దాన్ని బయటపడనివ్వలేదో ఈ జవాబుతో తేలదు.

గుంటూరు పెద్దాసుపత్రిలో మా ప్రొఫెసర్ గారు దీన్ని తేల్చే పద్ధతి వేరు. ఎకో లేని రోజులవి. మెడ దగ్గర నాడి మీద మా వేలు పెట్టించి, అది ఎంత నిదానంగా పైకి లేస్తోందో పట్టుకోమనేవారు. ఛాతీ మీద కుడివైపు మొదలైన ఆ గుండె శబ్దం (మర్మర్) మెడలోకి ఎంతదాకా పాకిందో వినమనేవారు. ఇదంతా అయ్యాక రోగితోపాటు తానే మేడమెట్లు ఎక్కేవారు. ఊరికే ఎక్కడం కాదు, వరి ఎన్ని బస్తాలయింది, అమ్మాయి పెళ్లి ఎప్పుడు అని అడుగుతూ ఎక్కేవారు. జవాబు మధ్యలో రోగి ఏ మెట్టు మీద ఆగితే ఆయనా అక్కడే ఆగి, మా వైపు తిరిగి, "రాసుకోండి" అనేవారు. రోగికి లేదనిపించిన ఆయాసం మాకు ఆ మెట్టు మీద కనపడేది.

డాక్టర్లు రాస్, బ్రాన్‌వాల్డ్ 1968లో రాసిన వ్యాసం ఆయనకు కంఠతా వచ్చు. ఈ జబ్బులో గుండెనొప్పి మొదలైతే సుమారు 5 ఏళ్ల ఆయుష్షు, స్పృహ తప్పి పడిపోతే 3, గుండె అలిసిపోయి ఆయాసం వస్తే 2. లక్షణం కనపడనంతకాలం మాత్రం బండి ఏళ్ల తరబడి నడుస్తుంది. కాబట్టి లక్షణం వచ్చాకే కత్తి పట్టాలి. అప్పట్లో వాల్వు ఆపరేషన్ అంటే వేలూరో, మద్రాసో పోవాలి, పోయినవాళ్లు తిరిగొస్తారన్న భరోసా తక్కువ. ఏ బాధా లేని మనిషిని అందులోకి నెట్టడం అన్యాయమనే వారాయన. నా వృత్తి జీవితమంతా ఆ నియమం మీదే నడిచింది. అనవసరపు స్టెంట్ల మీద, ప్యాకేజీ చెకప్‌ల మీద ఇక్కడ రాసినవన్నీ అందులోంచి వచ్చినవే.

రైతును ట్రెడ్‌మిల్ ఎక్కించి, డాక్టరు పక్కనే నిలబడి నడిపించారు. (ఆయాసం, నొప్పి ఉన్నవాళ్లకు ఈ వాల్వు జబ్బులో ఆ పరీక్ష చేయకూడదు.) శుభ్రంగా నడిచారు. బీపీ పెరగాల్సినట్టే పెరిగింది. నిజంగానే లక్షణాలు లేవు. ప్రొఫెసర్ గారి లెక్కన ఆగాలి, ఈ రోజుల్లో అయితే ఆరు నెలలకోసారి ఎకో చూస్తూ.

అయితే ఇలాంటివారి మీద ఇప్పుడు అధ్యయనాలున్నాయి. కొరియాలో వాల్వు ఇంత బిగుసుకుపోయీ లక్షణాలు లేని 145 మందిని రెండు జట్లు చేశారు. ఫలితాలు 2019 చివర్లో వచ్చాయి. వెంటనే ఆపరేషన్ చేసిన 73 మందిలో ఆపరేషన్ వల్లగానీ, గుండె, రక్తనాళాల జబ్బు వల్లగానీ పోయినది ఒక్కరు. ఆగిన 72 మందిలో 11 మంది. 2024లో వచ్చిన ఎర్లీ టావర్ అధ్యయనం అమెరికా, కెనడాల్లో 65 దాటిన 901 మందిది. ఒక జట్టుకు వెంటనే, ఛాతీ తెరవకుండా తొడ రక్తనాళంలోంచి వాల్వు అమర్చారు, రెండో జట్టు ఆగింది. అక్కడ మరణాల్లో పెద్ద తేడా లేదు, కానీ ఆగినవారిలో నూటికి 87 మందికి సుమారు నాలుగేళ్ల పరిశీలనలో వాల్వు మార్చాల్సి వచ్చింది. మరణాల్లో తేడా లేదు గనక ఆగినా ఫర్వాలేదు కదా అనొచ్చు. నా మొగ్గూ అటే ఉండేది. అయితే అక్కడ ఆగినవారిని క్రమం తప్పకుండా పిలిచి చూశారు, లక్షణం కనపడగానే వాల్వు మార్చారు.

మన రైతును పిలిచేదెవరు? నాలుగేళ్ల కిందట మొదటి కంటికి ఆపరేషన్ చేసినప్పుడే గుండెలో శబ్దం ఉంది, ఆరు నెలల్లో రమ్మన్నారట. "పనుల్లో పడి కుదర్లేదు బాబూ" అన్నారు. నా నిర్ణయాన్ని మార్చింది కొరియా అంకెల కంటే ఆ నాలుగేళ్లు. ఇప్పుడే వాల్వు మార్పించుకోమని చెప్పాను. ఈ వయసులో జంతు కణజాలంతో చేసిన వాల్వు సరిపోతుంది, రక్తాన్ని పల్చబరిచే ఏసిట్రోమ్ మాత్ర జన్మంతా మింగే పని సాధారణంగా ఉండదు. ఆపరేషన్ ప్రమాదం తక్కువగా ఉన్నవారికి ఆగకుండా మార్చే విషయం ఆలోచించవచ్చని 2025 ఐరోపా మార్గదర్శకాలూ అంటున్నాయి.

నలభై ఏళ్ల మనిషికి మాత్రం ఇదే మాట చెప్పను. ఆ వయసులో సాధారణంగా పెట్టేది లోహపు వాల్వు, దాంతో జీవితాంతం ఆ మందు, తరచూ ఐఎన్ఆర్ రక్తపరీక్ష తప్పవు. ఏడాదికి రెండుసార్లు ఎకోకి రాలేనివాడు ఆ పరీక్షకి అన్నిసార్లు ఎలా వస్తాడు?

ఏఎన్ఎంల దగ్గర బీపీ, షుగర్ ఉన్నవారి జాబితాలున్నాయి. వాల్వు జబ్బున్నవారి పేర్లూ, తర్వాతి ఎకో తేదీలూ వాటిలో చేర్చాలని రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్యశాఖలనూ కోరుతున్నాను. మీ ఇంట్లో ఎవరి ఎకో రిపోర్టులోనైనా 'సివియర్ అయోర్టిక్ స్టెనోసిస్' అని ఉండి, అది తీసి ఆరు నెలలు దాటితే, వాళ్లు బాగానే ఉన్నామన్నా సరే, ఈ వారమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.