సున్న కొలతయు, బక్క ఆవులును



వానలు తప్పిన సంవత్సరములు మా కొత్తచెరువు పెద్దలకు బాగుగా జ్ఞాపకమున్నవి. వేరుసెనగ పైరు ఎండిపోగా, పశువుల పక్కటెముకలు లెక్కపెట్టదగినట్లు కనబడిన దినములవి. ఫరో కలలోని బక్క ఆవులను గూర్చి ప్రసంగించినప్పుడు ఇక్కడ ఎవరికిని వివరము చెప్పనక్కరలేదు. బక్కతనము కరవునకు గుర్తని అందరికిని తెలియును.

అట్టి సీమలో మొన్న సంఘ భోజనమున ఒక చిన్నది సంగటి ముద్దలో సగము తీసి చెల్లెలి పళ్లెములో పెట్టెను. “ఏమమ్మా, ఊరిబిండి కారమైనదా?” అని అడిగితిని. “లేదయ్యగారూ, లావైతే సంబంధాలు కుదరవంట” అనెను. కరవు లేకయే పస్తుండు ఆ బిడ్డను చూడగా, మునుపు చూచిన ఒక చలనచిత్రము జ్ఞాపకమునకు వచ్చినది.

అది 2015 నవంబరులో విడుదలైన ‘సైజ్ జీరో’. దర్శకుడు ప్రకాశ్ కోవెలమూడి. సైజ్ జీరో, అనగా సున్న కొలత, అమెరికా అంగళ్లలో మిక్కిలి సన్నని స్త్రీల దుస్తులకు పెట్టిన అంకె. కథానాయిక సౌందర్య లావుగా నుండును. తల్లికి ఆమె పెండ్లి బెంగ. స్నేహితురాలొకతె త్వరగా సన్నబడగోరి ఒక చికిత్సాలయములో చేరి, మూత్రపిండములు చెడి మంచమెక్కును. అంతట సౌందర్య ఆ వ్యాపారితో పోరాడును. ఈ పాత్రకై అనుష్క సుమారు 20 కిలోలు పెరిగెనని పత్రికలు వ్రాసెను.

భయమును అమ్మువాడే మందును కూడ అమ్మునని ఈ చిత్రము చూపినది. అది మెచ్చదగినది. ఆ భయము కథలలో మాత్రమే యున్నది కాదు. అదే సంవత్సరము జూన్ 6న తెలుగు చిత్రముల నటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలో 31 ఏండ్లకే మరణించెను. కొన్ని వారములకు ముందే ఆమె కొవ్వు తీయించుకొను శస్త్రచికిత్స చేయించుకొనియుండెను.

అయినను చిత్రములో నొక లోపమున్నది. మొదట సౌందర్య దేహమును చూపియే మనలను నవ్వించును. చివరకు ఒక యువకుని ప్రేమ దొరుకుటతో కథను చక్కబరచును. ఎవరును కోరనియెడల ఆ బిడ్డ విలువ ఏమగును? ఆ ప్రశ్న అడుగలేదు. వ్యాపారిని దోషిగా నిలిపి, నవ్విన మనలను విడిచిపెట్టినది.

మనము నిర్దోషులమా? మా చిన్నదానికి సున్న కొలత పేరైనను తెలియదు. ఆ భయము నేర్పినవి మన పెండ్లిచూపులు, ఆరాధన ముగియగానే గుడి ముంగిట మనమాడు పరిహాసములు. ఒక పెండ్లి మాటలలో “పిల్ల కొంచెము లావే” అని ఒకరనగా, నేనును ఊరకుంటిని. ఆ మౌనము నా దోషము.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత కలదు. ఇట్టిచోట పస్తును అందమని నేర్పుట అన్యాయము. ఆరోగ్యమునకై బరువు తగ్గవలసినవారు వైద్యుని అడుగుడి. ఇరుగుపొరుగువారి నోటిని బట్టి అన్నము మానకుడి.

రాబోవు సంఘ భోజనమునకు ఆ చిన్నది మరల వచ్చును. ఆమె కడుపునిండ తినునట్లు మన నోళ్లను కాచుకొందము.