గంధర్వుడు ఎవరికి అపరిచితుడు? ‘హాహాహూహూ’ నవల – సామూహిక పఠనం

ప్రవేశిక

అద్భుత కల్పనా నవలను విమర్శకులు సాధారణంగా ఒంటరి పాఠకుణ్ణి దృష్టిలో ఉంచుకొని పరిశీలిస్తారు. తెలుగునాట మాత్రం అద్భుత కథ నలుగురి మధ్య పెరిగింది. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’లో గోపకుమారుడు దారిలో ఏదో ఒక వింతను చూసి దాని కారణం చెప్పమని పట్టుబడతాడు, మణిసిద్ధుడు చెబుతాడు. వింత కంటబడినంత మాత్రాన కథ పుట్టదు, అడిగేవాడు ఉండాలి. 1914లో విజయవాడ కేంద్రంగా రూపుదిద్దుకొన్న ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమం చదువును ఊరుమ్మడి వ్యవహారంగా మార్చింది. 1998లో మొదలైన డెట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్బు వంటి బృందాలు ఒక పుస్తకాన్ని అందరూ చదివివచ్చి చర్చించే పద్ధతిని ప్రవాసంలోనూ నిలిపాయి. ఇటువంటి బృందం ఒక అద్భుత నవలను చేపట్టినప్పుడు అర్థనిర్ణయం ఎలా మారుతుందో విశ్వనాథ సత్యనారాయణ ‘హాహాహూహూ’ ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సిద్ధాంతం – ఒక చిక్కు

విశ్వనాథ 1895లో నందమూరులో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు కృష్ణా జిల్లా ఉంగుటూరు మండలంలో, నూజివీడు మామిడితోటల ప్రాంతానికి చేరువలో ఉంది. ఆ పల్లెసీమ నుంచి వచ్చిన రచయిత తన గంధర్వుణ్ణి లండన్ నగరంలోని ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడవేశారు. గుర్రపు తల, మనిషి దేహం గల ఆ ప్రాణిని చూసి నగరం విస్తుపోతుంది. అతడు మాట్లాడేది సంస్కృతం.

డార్కో సూవిన్ 1979లో వెలువరించిన గ్రంథంలో వైజ్ఞానిక కల్పనకు ‘నవ్యాంశం’ ప్రాణమన్నారు. పాఠకుని అనుభవ ప్రపంచంలో లేని ఒక కొత్త అంశం కథలో ప్రవేశించి, తెలిసిన లోకాన్ని తెలియనిదానిగా చూపిస్తుందని ఆయన ప్రతిపాదన సారాంశం. ‘హాహాహూహూ’ వైజ్ఞానిక కల్పన కాకపోయినా ఈ ప్రమాణంతో పరిశీలించదగినది. ఇక్కడే చిక్కు ఎదురవుతుంది. హాహా, హూహూ పురాణప్రసిద్ధ గంధర్వుల పేర్లు. గజేంద్రమోక్షంలోని మొసలి దేవలుని శాపం పొందిన హూహూ అన్న సంగతి భాగవతం చదివినవారికి తెలుసు. గుర్రపు ముఖం గల తుంబురుడూ వారికి కొత్త కాదు. అటువంటి పాఠకునికి గంధర్వుడు బంధువు. అతణ్ణి గుర్తించలేని లండన్ పరాయిది. నవ్యాంశం పాత్రలకే నవ్యం, పాఠకునికి కాదు. విస్మయం గంధర్వుని నుంచి నగరానికి బదిలీ అవుతుంది. నవలలోని వ్యంగ్యానికి మూలం ఈ బదిలీయే.

బృందంలో రెండు చూపులు

ఈ వివరణ పురాణ పరిచయం గల పాఠకుని మీద ఆధారపడింది. ఆ పరిచయం ఇప్పుడు అందరికీ సమానంగా లేదు. వెల్చేరు నారాయణరావు ఆంగ్లానువాదం 2018లో వెలువడింది. ఆ అనువాదం ద్వారా నవలను చేరే పాఠకుడు ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని గుంపు పక్కన నిలబడే అవకాశమే ఎక్కువ. ఆంగ్ల కాల్పనిక సాహిత్యం మీద పెరిగిన తెలుగు యువపాఠకుని స్థితీ అటువంటిదే కావచ్చు. ఒంటరి పఠనంలో ఈ ఇద్దరూ ఒకరికొకరు తారసపడరు. చర్చా బృందంలో ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరికి నవ్వు తెప్పించిన సన్నివేశం మరొకరికి ఎందుకు తెప్పించలేదన్న ప్రశ్న అక్కడ తప్పదు. ఆ ప్రశ్నకు సమాధానం వెతకడమే నవల నిర్మాణాన్ని విశ్లేషించడం.

బృంద పఠనానికి ప్రమాదాలూ లేకపోలేదు. పురాణం తెలిసినవారు ‘ఇది మనకు తెలిసిందే’ అని కథను మూసివేయవచ్చు. రచయిత సంప్రదాయ దృక్పథాన్ని అంగీకరించనివారు గంధర్వుణ్ణి ఒక సిద్ధాంతానికి ప్రతినిధిగా మాత్రమే చూసి తీర్పు చెప్పవచ్చు. మొదటి చదువులో ఆశ్చర్యం పోతుంది, రెండో చదువులో కథ పోతుంది. రచయిత భావజాలాన్ని విమర్శించకూడదని దీని అర్థం కాదు. సంస్కృతం తెలిసినవారికే గంధర్వునితో మాట్లాడే వీలుండటం ఎవరిని సంభాషణలోకి రానిస్తుంది, ఎవరిని బయట నిలబెడుతుంది అన్నది అడగవలసిన ప్రశ్నే. అయితే గంధర్వుడు అక్కడ పడ్డాడన్న సంఘటనను ముందుగా కథాసత్యంగా ఒప్పుకొన్న తరువాతనే ఆ ప్రశ్నకు బలం వస్తుంది.

‘విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు’ ఈ పరిశీలనకు తోడ్పడుతుంది. అందులో విష్ణుశర్మ, తిక్కన ఒక తెలుగు అధ్యాపకుని వద్దకు ఇంగ్లీషు నేర్చుకోవడానికి వస్తారు. పాఠకునికి రోజూ పరిచయమైన ఇంగ్లీషు, ఆ ఇద్దరి ప్రశ్నల ముందు వింతగా తోస్తుంది. రెండు రచనల్లోనూ పూర్వలోకపు వ్యక్తి కొలమానం అవుతాడు, వర్తమానం కొలతకు గురవుతుంది.

ముగింపు

‘హాహాహూహూ’లో అపరిచితత్వం గంధర్వుని ఆకారంలో స్థిరంగా లేదు, చదివేవారి పూర్వజ్ఞానాన్ని బట్టి చోటు మారుతుంది. అందువల్ల పాఠకుడు ఒక్కడే అనుకొనే సిద్ధాంతం ఈ నవలకు చాలదు. తెలిసినవారు, తెలియనివారు కలిసి చదివినప్పుడే ఆ కదలిక బయటపడుతుంది. గోపకుమారుడు అడగకపోతే మణిసిద్ధుని కథ లేదు. తెలుగు అద్భుత నవల విమర్శ ఆ అడిగేవారి స్థానాన్ని కూడా తన పరిధిలోకి తీసుకోవలసి ఉంది.