మల్లినాథుడు చదివిన తీరు

మాఘంలోనూ మేఘంలోనూ వయసంతా గడిచిపోయిందని మల్లినాథసూరి అన్నట్టు పండితులు ఒక మాట చెప్పుకుంటారు. మాఘమంటే మాఘకవి శిశుపాలవధ. మేఘమంటే కాళిదాసు మేఘదూతం. ఆ మాట ఎవరు పుట్టించినా ఆయనకు బాగా నప్పింది. ఆయన చేసిన పని మాత్రం రెండు కావ్యాలతో ఆగలేదు. కాళిదాసు రఘువంశానికి, కుమారసంభవానికి, మేఘదూతానికి సంజీవని రాశాడు. భారవి కిరాతార్జునీయానికి ఘంటాపథం, మాఘానికి సర్వంకష, శ్రీహర్షుడి నైషధానికి జీవాతువు రాశాడు. ఇవి చాలవన్నట్టు అలంకారశాస్త్రంలో విద్యాధరుడి ఏకావళికి తరళ అనే టీక కూడా ఉంది. ఇంటిపేరు కోలాచలం. ఆ ఊరు ఇప్పటి మెదక్ జిల్లా కొల్చారమే అంటారు. కొడుకు కుమారస్వామిదీ అదే వృత్తి. విద్యానాథుడి ప్రతాపరుద్రీయానికి రత్నాపణం రాసింది ఆయనే. కాశీలో అయినా, పుణేలో అయినా, తిరుపతిలో అయినా రఘువంశం పాఠానికి కూర్చున్న విద్యార్థి మూలం కింద చదివేది సాధారణంగా ఈ తెలుగువాడి టీకనే.

మనవాడని మురిసిపోవడం సులువు. ఆయన ఎలా చదివాడో చూడడానికి కొంచెం ఓపిక కావాలి. ప్రాచీన కావ్యాన్ని నిదానంగా చదవమని అందరూ చెబుతారు. ఎక్కువసేపు కూర్చోవడమే నిదానం అనుకుంటే ఒక పేజీ ముందు గంట కూర్చుని ఏమీ చూడకుండా లేచిపోవచ్చు. మల్లినాథుడి నిదానం వేరు. కవి వాడిన ప్రతి పదానికీ లెక్క చెప్పకుండా ఆయన ముందుకు కదలడు.

సంజీవని మొదట్లో ఆయన తనకు తాను మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాడు. అంతా అన్వయక్రమంలోనే వివరిస్తాను, ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను. ఈ మూడోది ఎంత కష్టమో, నాలుగు పుస్తకాలు చదివి ఒక వ్యాసం రాయబోయిన ఎవరినడిగినా చెబుతారు. ఆ టీకకు సంజీవని అని పేరెందుకు పెట్టాడో కూడా అక్కడే చెప్పాడు. చెడ్డ వ్యాఖ్యల విషం సోకి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందట. దాన్ని బతికించడానికి ఈ టీక. ఇంత ధీమాగా మాట్లాడిన మనిషే, కాళిదాసు మాటల్లోని సారం కాళిదాసుకు, సరస్వతికి, బ్రహ్మకు తప్ప నాలాంటివాళ్లకు తెలియదని కూడా అన్నాడు. దక్షిణావర్తనాథుడు మొదలైనవాళ్లు నడిచిన దారి ఉంది కాబట్టి నాకూ కాస్త చోటు దొరుకుతుందిలే అన్నాడు. ఆ ధీమా, ఈ వినయం రెండూ నిజమేనని టీక చదువుతూ పోతే తెలుస్తుంది.

సంస్కృత శ్లోకంలో పదాలు ఛందస్సు ఒప్పుకున్నచోట కూర్చుంటాయి. విశేషణం మొదటి పాదంలో ఉంటే విశేష్యం నాలుగో పాదంలో ఉండొచ్చు. క్రియ ఎక్కడో మధ్యలో దాక్కుంటుంది. ఏది దేనికి చెందిందో విభక్తులను బట్టి పట్టుకోవాలి. ఇందుకు మన పెద్దలకు రెండు దారులున్నాయి. ముందు క్రియను పట్టుకుని, ఎవరు, ఎలాంటివాడు, దేన్ని, ఎందుకు అని ప్రశ్నలు వేసుకుంటూ పోయేది ఖండాన్వయం. కర్త, దాని విశేషణాలు, కర్మ, చివరికి క్రియ అని వచనంలో చెప్పినట్టు వరసగా పేర్చేది దండాన్వయం. మల్లినాథుడిది దండాన్వయం. ఒక పదం ఎత్తుకుంటాడు. పక్కనే తేలిక పర్యాయపదం పెడతాడు. సమాసమైతే విప్పి చూపిస్తాడు. అర్థం మీద అనుమానం వచ్చేచోట నిఘంటువును పిలుస్తాడు: అమరుడు, విశ్వకోశం, యాదవుడు, హలాయుధుడు. రూపం వింతగా ఉంటే పాణిని సూత్రం చూపిస్తాడు. రాజనీతి మాట వస్తే కామందకుణ్ణి, ఏనుగుల మాట వస్తే పాలకాప్యుణ్ణి సాక్ష్యానికి తెస్తాడు. అలంకారం పేరు చెప్పి తర్వాతి శ్లోకానికి వెళ్లిపోతాడు. ఆహా, ఎంత బాగుందో అనడం చాలా అరుదు. ఇది కొందరికి పొడిగా అనిపిస్తుంది. నాకు మాత్రం మర్యాదగా అనిపిస్తుంది. ఆహా అనే పని ఆయన పాఠకుడికి వదిలిపెట్టాడు.

రఘువంశం తొలి శ్లోకం పార్వతీపరమేశ్వరుల ప్రార్థన. మాటా దాని అర్థమూ ఎలా కలిసి ఉంటాయో వాళ్లూ అలా కలిసి ఉన్నారన్న పోలిక జగత్ప్రసిద్ధం. మనం ఆ పోలిక దగ్గర ఆగి తలూపుతాం. మల్లినాథుడు సమాసం దగ్గర కూడా ఆగాడు. ఇద్దరి పేర్లలో పార్వతి పేరు ముందెందుకు వచ్చింది? తల్లి ఎక్కువ పూజ్యురాలు గనక, ఆ పేరులో అక్షరాలు తక్కువ గనక. ద్వంద్వసమాసంలో అచ్చులు తక్కువున్న పదం ముందుండాలన్నది పాణిని నియమం. పూజ్యమైనది ముందుండాలన్నది దానికి వార్తికం. కవి భక్తీ, వ్యాకరణమూ ఒకేచోట కలిశాయని ఆయన రెండు ముక్కల్లో తేల్చేశాడు. అదే శ్లోకంలో తల్లిదండ్రులిద్దరినీ కలిపి పితరౌ అన్నాడు కవి. అక్కడ ముందు నిలిచిన తల్లి ఇక్కడ తండ్రి పేరులో కలిసిపోయిందేమిటని అడగబోయేవాడికి ఏకశేష సూత్రం సిద్ధంగా ఉంచాడు.

ఇంతకన్నా నాకు నచ్చేది కుమారసంభవం మొదటి శ్లోకం దగ్గర ఆయన రాసిన ఒక్క వాక్యం. అక్కడ హిమాలయ వర్ణన మొదలవుతుంది. ఆ పర్వతానికి కవి వేసిన విశేషణాల్లో దేవతాత్మ అన్నది ఒకటి. చదివేవాళ్లు దాన్ని పొగడ్తగా తీసుకుని ముందుకు పోతారు. మల్లినాథుడు పోలేదు. ఈ కొండ రేపు మేనకను పెళ్లాడాలి, పార్వతికి తండ్రి కావాలి. రాళ్లూ మంచూ అయిన కొండ ఆ పనులెలా చేస్తుంది? దేవతా స్వరూపుడని ముందే చెప్పడం వల్ల ప్రాణమున్న మనిషిలా ప్రవర్తించే అర్హత అతనికి వచ్చింది అన్నాడు. కథలో తర్వాత రాబోయేదానికి కవి తొలి శ్లోకంలోనే తలుపు తెరిచి పెట్టాడని ఒక విశేషణాన్ని బట్టి కనిపెట్టాడు. చేతివాటం తెలిసిన కవిని చేతివాటం తెలిసిన పాఠకుడే పట్టుకోగలడు.

ఇక మేఘదూతం. ఆయన పనితనం మొత్తం చూడాలంటే రెండో శ్లోకం దగ్గరికి వెళ్లాలి. శాపం తగిలి రామగిరి మీద ఒంటరిగా ఉన్న యక్షుడు కొండ అంచున మబ్బును చూసిన రోజు ఏదో కవి చెప్పాడు. మనకందరికీ తెలిసిన పాఠం ఆషాఢ ప్రథమ దివసం, అంటే నెల మొదటి రోజు. కొందరి పాఠంలో ప్రథమ బదులు ప్రశమ అని ఉంది. అప్పుడది నెల ముగిసే రోజు అవుతుంది. కాశ్మీర వ్యాఖ్యాత వల్లభదేవుడిది ఈ రెండో పాఠమే. ఒక్క అక్షరం మారితే కథ నెల రోజులు జరిగిపోతుంది.

ప్రశమ పక్షంవాళ్ల వాదన తీసిపారేయదగ్గది కాదు. రెండు శ్లోకాల తర్వాత, శ్రావణం దగ్గరపడిందని కవే అంటున్నాడు. ఆషాఢం అప్పుడే మొదలైతే శ్రావణం దగ్గరపడడమేమిటి? నెల పక్కనే నెల ఉంది కదా, ఆషాఢం వచ్చిందంటే శ్రావణం దగ్గరికొచ్చినట్టే అంటాడు మల్లినాథుడు. ఇంకో చిక్కుంది. కావ్యం చివర యక్షుడు భార్యకు పంపిన కబురులో, విష్ణువు శేషశయ్య మీద నుంచి లేచినప్పుడు నా శాపం తీరుతుంది, మిగిలిన నాలుగు నెలలూ ఓర్చుకో అంటాడు. విష్ణువు లేచేది కార్తీక శుద్ధ ఏకాదశినాడు. ఆషాఢ శుద్ధ పాడ్యమి నుంచి కార్తీక శుద్ధ పాడ్యమికి నాలుగు నెలలు. ఏకాదశికి మరో 10 రోజులు. నాలుగు నెలలన్న మాటకు 10 రోజులు ఎక్కువైంది కదా అని ఆక్షేపణ. మల్లినాథుడు కంగారుపడలేదు. అదే లెక్కను అవతలివాళ్ల మీదికి తిప్పాడు. మీరన్నట్టు ఆషాఢం చివరి రోజు నుంచి లెక్కిస్తే నాలుగు నెలలకు 20 రోజులు తక్కువొస్తుంది, దానికేమంటారు? మనది అమావాస్యతో నెల ముగిసే పంచాంగం కాబట్టి తెలుగు పాఠకుడు ఈ లెక్క వేళ్ల మీద వేసి చూసుకోవచ్చు.

కవిత్వంలో ఈ లెక్కలేమిటని ఎవరైనా అడగొచ్చు. రెండో శ్లోకం మీద రాస్తున్నవాడికి నాలుగో శ్లోకమూ గుర్తుంది, కావ్యం చివరి కబురూ గుర్తుంది, ఏకాదశీ గుర్తుంది. ఒక తిథి తేల్చడానికి కావ్యం మొత్తాన్ని కళ్లముందు పెట్టుకున్నాడు. విరహంలో ఉన్న మనిషి కూడా రోజులు ఇలాగే లెక్కపెట్టుకుంటాడు కదా. ఆ లెక్క వేశాక యక్షుడి నాలుగు నెలలు నిజమైన నెలలవుతాయి.

ఆయన పొరపడలేదని చెప్పను. మేఘదూతంలోనే ఒకచోట నిచులమనే చెట్టు పేరు, దిగ్గజాల ప్రస్తావన వస్తాయి. మల్లినాథుడు మామూలు అర్థం చెప్పి ఊరుకోకుండా, నిచులుడు కాళిదాసుతో కలిసి చదువుకున్న కవి అని, దిఙ్నాగుడు అతని ప్రత్యర్థి అని, ఆ ఇద్దరి సూచన ఇందులో ఉందని రెండో అర్థం తీశాడు. తర్వాతి పరిశోధకులు ఆ దిఙ్నాగుణ్ణి బౌద్ధ తార్కికుడిగా పట్టుకుని కాళిదాసు కాలం మీద చాలా సిరా ఖర్చుపెట్టారు. నాకిది నమ్మశక్యంగా లేదు. ఆధారం లేనిది రాయనన్న మనిషి ఇక్కడ కాస్త జారాడనే అనుకుంటాను. అయినా మొదటి అర్థాన్ని పూర్తిగా చెప్పాకే రెండోది చెప్పాడు. ఒప్పుకోనివాళ్లు ఆ వాక్యం దగ్గర ఆగిపోయినా మేఘుడి ప్రయాణానికి ఏ లోటూ రాదు.

భారవి దగ్గరికి వచ్చేసరికి పని మారింది. భారవి మాటలు కొబ్బరికాయ లాంటివని, లోపలి సారం రుచి చూడాలనుకునేవాళ్ల కోసం తాను దాన్ని పగలగొడతానని ఘంటాపథంలో చెప్పుకున్నాడు. కిరాతార్జునీయం 15వ సర్గంలో చివరి తకారం తప్ప అన్నీ నకారాలే ఉన్న శ్లోకం ఒకటుంది. గారడీ అని నవ్వి వదిలేయడానికి అంతకన్నా తగిన శ్లోకం దొరకదు. మల్లినాథుడు దానికీ పదాలు విడదీసి, అన్వయం కుదిర్చి, మిగతా శ్లోకాలకు రాసినట్టే టీక రాశాడు.

ఈ పద్ధతే తెలుగు కావ్యాలకూ వచ్చింది. శ్రీనాథుడి శృంగార నైషధానికి వేదం వేంకటరాయశాస్త్రి రాసిన వ్యాఖ్య పేరు సర్వంకష. మల్లినాథుడి మాఘ టీక పేరే అది. వావిళ్ల రామస్వామి శాస్త్రులు 1854లో మద్రాసులో అచ్చుకూటం పెట్టారు. ఆ సంస్థ అచ్చువేసిన కావ్యాలతో, టీకాతాత్పర్యాలతో ఎన్నో తరాలు చదువుకున్నాయి. ప్రతిపదార్థం, తాత్పర్యం అన్న రెండు మాటలు బడిలో పద్యం చదివిన ప్రతి తెలుగువాడికీ తెలుసు. కానీ బడిలో అవి పరీక్ష కోసం బట్టీపట్టే జవాబులుగా మిగిలాయి. ఎవరో కుదిర్చిన అన్వయం అప్పజెప్పడం వల్ల చదవడం రాదు. తంటాలు పడి తనే కుదుర్చుకున్నవాడికే వస్తుంది.

మొదలుపెట్టాలనుకునేవాళ్లు నైషధం జోలికి పోవద్దు. మేఘదూతం తీసుకోండి. సంజీవనితో పాటు తెలుగు తాత్పర్యం ఉన్న ప్రతి అయితే మంచిది. ముందు శ్లోకాన్ని పైకి రెండు మూడుసార్లు చదవండి. పదాలు విడదీసి, క్రియ ఎక్కడుందో వెతకండి. కర్త ఎవరో, ఏ విశేషణం ఎవరిదో కాగితం మీద రాసుకోండి. తప్పయినా ఫరవాలేదు. ఆ తర్వాతే టీక తెరవండి. మీరు రాసుకున్నదానికీ మల్లినాథుడి అన్వయానికీ ఎక్కడ తేడా వచ్చిందో చూసుకోండి. తాత్పర్యం అన్నిటికన్నా చివర చదవండి. ఆ కావ్యంలో సుమారు 120 శ్లోకాలున్నాయి. రోజుకొకటి చొప్పున చదివితే నాలుగు నెలల్లో పూర్తవుతుంది.