నీరు పల్లమెరుగును; ఎన్నాళ్ళకు?

న్యూటను మూడవ సూత్రమును కర్మఫలమునకు సాక్ష్యముగా తెచ్చువారు మనకు కొత్త కాదు. ఆ సూత్రములోని చర్య, ప్రతిచర్య ఒకే క్షణమున, రెండు వేరు వస్తువులపై జరుగును. వచ్చే జన్మ దాకా ఆగవు. అయినను ఇట్టి వాదము వలన ఎవరి పొలమును మునుగదు. కొల్లేటి చుట్టుపట్ల వినవచ్చు వాదము అట్టిది కాదు.

వాన వెలిసిన మరునాడు ఎవరో ఒకరు అందురు: "నీరు పల్లమెరుగు. కొల్లేరు ఎత్తున ఉంది, సముద్రం దిగువన ఉంది. దానంతటదే పోతుంది. మురుగు కాలువ తవ్వించడం డబ్బు దండగ!" ప్రకృతి సూత్రమును కాదనగలరా అని పైగా గదమాయింపు.

కాదనము. కాని ఆ సూత్రము నీరు తుదకు ఎచ్చట నిలుచునో చెప్పును. ఎన్నాళ్ళకు చేరునో చెప్పదు. రైతుకు కావలసినది ఆ రెండవ సంగతే.

లెక్క చూతము. కొల్లేటి నీరు అయిదవ కాంటూరు వద్ద, అనగా సముద్రమట్టమునకు 5 అడుగుల ఎత్తున ఉన్నదనుకొందము. ఉప్పుటేరు పొడవు సుమారు 60 కిలోమీటర్లు. 12 కిలోమీటర్లకు ఒక అడుగు వాలన్నమాట! సముద్రపు పోటు వేళ అందులోనూ కొంత పోవును. ఐర్లండు ఇంజనీరు మానింగు 1889లో ప్రతిపాదించిన సూత్రము ప్రకారము, వాలు నాలుగవ వంతుకు తగ్గినచో ప్రవాహవేగము సగమగును. గుర్రపుడెక్క అల్లుకొని కాలువ గరుకుదనము రెట్టింపైనచో మరల సగము. మేటవేసి లోతు తగ్గినచో ఇంకను తగ్గును.

వరి మొక్క అంతవరకు వేచియుండదు. మారుటేరు పరిశోధన కేంద్రము 1982లో అందించిన స్వర్ణ రకము వారము రోజులకు మించి పూర్తిగా మునిగియున్నచో తీవ్రముగా దెబ్బతినును. ముంపును ఓర్చు జన్యువును చేర్చిన స్వర్ణ సబ్-1 రకము 2009లో విడుదలైనది. అది సుమారు రెండు వారములు తాళును. ఆ శాస్త్రజ్ఞులు పల్లమును గూర్చి వాదింపలేదు, రోజులు లెక్కించిరి.

ఎదుటి పక్షమువారును తక్కువ తినలేదు. "నీరు పల్లానికి పోవాలి, పోలేదు, కనుక చేపల చెరువు గట్టే అడ్డం" అందురు. కావచ్చును. గట్టుకు ఎగువను, దిగువను నీటిమట్టమును అదే గంటలో కొలిచి చూడవలెను. రెంటికిని హెచ్చు తేడా ఉన్నచో అడ్డము అచ్చటనే ఉన్నది. లేనిచో కాలువ వెంబడి ఇంకను దిగువకు పోయి వెదకవలెను.