బేసి దబ్బల బుట్ట

తాడేపల్లిగూడెం నుంచి ఉత్తరంగా జంగారెడ్డిగూడెం, బుట్టాయగూడెం దాటి పోతే పాపికొండల అడవి. అందులో మోదేలు లాంటి కొండపై ఊళ్లు కొండరెడ్లవి. 1945లో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ వాళ్ల మీద పుస్తకం వేశాడు. ఆయన బైసన్ కొండలన్నది వీటినే. 2011 జనగణన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కొండరెడ్లు లక్షా ఏడు వేల పైచిలుకని తేల్చింది. పనిచేసేవాళ్లను మాత్రం నాలుగే గడుల్లో సర్దింది: సాగుదారు, వ్యవసాయ కూలీ, కుటుంబ పరిశ్రమ, ఇతరులు. పోడులో జొన్న, సామ, కంది చల్లి, జీలుగు కల్లు గీసి, చింతపండు, కొండచీపుళ్లు సంతకు మోసి, పిలిస్తే కూలికెళ్లి, తీరిక దొరికినప్పుడు బుట్ట అల్లే మనిషి ఏ గడిలో పడతాడు? ఆ బుట్టనే అడగడం మేలు.

దాని పని అడవిలోనే మొదలవుతుంది. లేత వెదురు ఎండితే ముడుచుకుపోతుంది, పురుగు పడుతుంది. బాగా ముదిరింది వంచితే విరుగుతుంది. రెండు మూడేళ్ల బొంగు కావాలి. పొదలో ఏది ఏ వయసుదో రంగు చూసి, తట్టి చెప్పగలగడమే సగం విద్య. నరికేటప్పుడు నేలకు దగ్గరగా, కణుపుకు కాస్త పైన వేటు వేస్తారు. మోడులో నీళ్లు నిలిస్తే దుంప కుళ్లుతుంది మరి. వచ్చే ఏటి బుట్ట ఆ దుంపలోనే ఉంది.

తర్వాత బొంగును దబ్బలుగా చీల్చడం. కత్తి దారి చూపుతుందంతే, చీల్చేది చేతులే. దబ్బ ఒక పక్కకు పలచబడుతుంటే మందంగా ఉన్న వైపును ఎక్కువ వంచి చీలికను మళ్లీ నడిమికి తెస్తారు. కొలబద్ద లేదు, గీత లేదు. పైనున్న పచ్చపొర గట్టిది కాబట్టి బరువు మోసేచోటికి అదే. లోపలి మెత్తటి భాగం తేలిక పనులకు.

అడుగున దబ్బలు అడ్డంగా, నిలువుగా పేర్చి గోడకు పైకి లేపుతారు. అసలు తెలివి ఇక్కడుంది. అల్లే ఈనె ఒక దబ్బ ముందు నుంచి, తర్వాతిదాని వెనక నుంచి చుట్టూ తిరుగుతుంది. నిలువు దబ్బలు సరిసంఖ్యలో ఉంటే రెండో చుట్టులోనూ ఈనె పాత దారినే పడుతుంది, అల్లిక పట్టదు. బేసి అయితే ప్రతి చుట్టూ ముందరి చుట్టును ఎదురు పట్టి బిగిస్తుంది. అందుకే ఎక్కడో ఒక దబ్బను రెండుగా చీలుస్తారు. ఈ లెక్క పలక మీద నేర్చింది కాదు, వేళ్ల కింద నేర్చింది.

ధాన్యం పోసే గాదెలదీ ఇదే అల్లిక. కాకపోతే మట్టీ పేడా కలిపి మెత్తుతారు. పల్లపు మేదర్లకు వెదురు వృత్తి. కొండరెడ్లకు అది ఇంటి గోడ, తడిక, గాదె, పంట మోసే బుట్ట కూడా. కాబట్టి దీన్ని హస్తకళ అని అద్దాల బీరువాలో పెడితే నేను ఒప్పుకోను.

2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించింది. పోలవరం ప్రాజెక్టు ముంపుతో కొండలు దిగిన కుటుంబాలకు మాత్రం ఇప్పుడు పునరావాస కాలనీలే ఊళ్లు. చేతిలో విద్య ఉన్నా పెరటి వెనక పొద లేదు.

సంతలో బుట్ట కొంటే వెలుతురుకు ఎత్తి చూడండి. సందులు సమానంగా ఉండాలి. లోపల అరచేత్తో రాస్తే పేళ్లు గుచ్చుకోకూడదు. అలాంటిది దొరికితే బేరమాడకండి.