దత్తత ఫైలులో లేని తల్లి

కాథరిన్ జాయిస్ అనే అమెరికన్ పాత్రికేయురాలు 2013లో వెలువరించిన ‘ది చైల్డ్ క్యాచర్స్’ను నేను కాగితాల కథగా చదివాను. విదేశీ బిడ్డ కోసం అక్కడి భక్తిపరులైన క్రైస్తవ దంపతులు పోగుచేసే కాగితాలు ఎన్నని! ఆదాయానికొకటి, ఆరోగ్యానికొకటి, పోలీసులదొకటి, ఇల్లు చూసివెళ్లిన సోషల్ వర్కర్ నివేదిక, పాస్టరుగారి సిఫారసు ఉత్తరం... మధ్యమధ్య ప్రార్థనలు. ఇటు ఫైలు అంత బరువెక్కితే, అటు ఇథియోపియాలో బిడ్డ ఫైలుకు ఒక్కోసారి ‘అనాథ’ అన్న ఒక్క మాటే చాలింది. తల్లి బతికే ఉన్నా సరే! చదువుకుని తిరిగొస్తాడులే అనుకుని ఒప్పుకున్న తల్లులున్నారు పాపం.

ఈ దంపతులు తరచు తలచుకునేది యాకోబు పత్రికలోని వాక్యం. అది అనాథలతోపాటు విధవరాండ్రనూ ఆదుకోమంటుంది. ఆ రెండో మాట ఎవరికీ పట్టలేదేం? ఆ బిడ్డల తల్లుల్లో విధవరాండ్రు లేరా ఏమిటి?

జాయిస్ పెంపుడు తల్లిదండ్రులందర్నీ దుర్మార్గుల్ని చెయ్యలేదు. అది నాకు నచ్చింది. నచ్చనిదల్లా, ఒక తల్లి దగ్గర కాస్త కుదురుగా కూర్చుందామనుకునేలోగా హైతీకో లైబీరియాకో లాక్కుపోవడం.

ఇథియోపియా 2018లో విదేశీ దత్తతలను నిషేధించింది. హైదరాబాదులో 1999లోనూ, 2001లోనూ లంబాడా పసికందుల దత్తతల మీద రేగిన గొడవ గుర్తున్నవాళ్లు మాత్రం దీన్ని పరాయివాళ్ల పుస్తకమని పక్కన పెట్టలేరు.