సూది కొసన పుప్పొడి

దక్షిణాఫ్రికా నైరుతి కొసన, క్లైన్‌మండ్ నుంచి బ్రెడాస్‌డార్ప్ వైపు సాగే చిన్న తీరప్రాంతం పిన్‌కుషన్ పొదకు పుట్టిల్లు. శాస్త్రీయ నామం ల్యూకోస్పెర్మమ్ కార్డిఫోలియం. సారం లేని ఇసుకరాతి నేల, ఎడతెగని సముద్రపు గాలి, వానలు పడని ఎండాకాలం. అలాంటి చోట సుమారు 1.5 మీటర్ల ఎత్తు పెరిగి, ఆగస్టు నుంచి జనవరి దాకా అరచేయంత నారింజరంగు పూలు పూస్తుంది.

మనం పువ్వు అనుకునేది నిజానికి పూగుత్తి. గుండుసూదులు గుచ్చిన దిండులా కనిపించే దానిలో ఒక్కో సూదీ ఒక్కో పువ్వు తాలూకు కీలం. పనితనమంతా అక్కడే ఉంది. పరాగకోశాలకు విడిగా కాడలు లేవు, పూరేకుల కొసలకే అతుక్కుని ఉంటాయి. మొగ్గ విచ్చకముందే అవి పగిలి, పుప్పొడినంతా కీలం కొసకు అంటించేస్తాయి. ఈలోగా కీలం పొడుగు సాగుతూనే ఉంటుంది. కొస మాత్రం మొగ్గలో ఇరుక్కుపోయి ఉండటంతో నడుము వంగి పక్కకు పొడుచుకొస్తుంది. మొగ్గ పట్టు వదలగానే చటుక్కున నిక్కుతుంది. అప్పటికే తలమీద పచ్చటి పుప్పొడి సిద్ధం! తేనె కోసం పొడుగుతోక షుగర్‌బర్డ్ ముక్కు దూర్చిందా, నుదుటికి అంటుతుంది. ఆ పుప్పొడి వెళ్లిపోయాకే కీలాగ్రం పక్వానికి వస్తుంది. ఇచ్చిన చోటే పుచ్చుకోవడం, అదీ వేళ తప్పకుండా! ఎంత పొదుపైన ఏర్పాటు!

విత్తనం సంగతి నాకు ఇంకా ముచ్చట. దాని మెత్తటి పైపొర కోసం చీమలు గింజను పుట్టలోకి లాక్కెళతాయి. పొర తినేశాక మిగిలిన నున్నటి గింజ దవడలకు చిక్కదు, అక్కడే ఉండిపోతుంది. ఎలుకలకు దొరకదు, కార్చిచ్చుకు కాలదు. ఆ మంటలో తల్లిపొద చచ్చిపోతుంది. నీడ పోయిన నేల పగలు కాగి, రాత్రి చల్లారుతుంది. ఆ తేడాకే గింజ మేలుకుంటుంది.

అయితే, బయటినుంచి వచ్చిపడ్డ అర్జెంటీనా చీమలు స్థానిక చీమలను తరిమేస్తున్నాయి. ఈ కొత్త చీమలు గింజను పాతిపెట్టవు, నేలమీదే వదిలేస్తాయి. విలియం బాండ్, పీటర్ స్లింగ్స్‌బీ ఇదే కుటుంబానికి చెందిన మరో పొదను పరిశీలించి 1984లో ప్రకటించిన లెక్క గుండె కలుక్కుమనిపిస్తుంది: మంటల తరువాత స్థానిక చీమలున్న చోట నూటికి 35 మొలకెత్తితే, అర్జెంటీనా చీమలున్న చోట ఒక్కటైనా నిండలేదు.